పాత లారీ డీజిల్ ఇంజన్‌ను ఇంటి దగ్గరే విప్పి బిగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నాన్న నడిపిన టాటా 1612 లారీ ఇంజన్‌ను మా పెరట్లోని రేకుల షెడ్డులో రెండుసార్లు విప్పి బిగించాం. మొదటిసారి నేను పానాలు అందించాను. రెండోసారి నాన్న పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే పని నేను చేశాను. అప్పటినుంచి లారీలు, ట్రాక్టర్లు ఉన్నవాళ్ళు ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు. వాళ్ళు ఎక్కువగా అడిగినవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఉదాహరణలన్నీ ఆ లారీలోని టాటా 697 ఇంజన్‌వి. వేరే ఇంజన్ అయినా పద్ధతి దాదాపు ఇదే, కొలతలు మాత్రం మీ ఇంజన్ పుస్తకంలోవే తీసుకోండి.

697 అంటే ఏమిటి? ఇది ఇంట్లో విప్పదగ్గ ఇంజనేనా?

6 సిలిండర్లు, 97 మి.మీ. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం). అందుకే 697. స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం) 128 మి.మీ., మొత్తం 5,675 సీసీ. టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుంది, అది 1969 వరకు నడిచింది. ఆ పొత్తు నుంచి వచ్చిన వంశమే ఇది. బెంజ్ ఓఎం 352 బోరు, స్ట్రోకు కూడా సరిగ్గా ఇవే.

ఇంట్లో విప్పదగ్గదే. ఇందులో కంప్యూటర్ లేదు, సెన్సార్లు లేవు. పళ్ళ చక్రాలతో తిరిగే క్యామ్, వాల్వులు తెరిచే పుష్ రాడ్లు, డీజిల్‌ను ఒత్తిడితో పంపే వరస పంపు, అంతే. కంటికి కనిపించేది, చేతికి అందేది, గేజ్‌తో కొలవగలిగేది తప్ప దాచిపెట్టింది ఏమీ లేదు. కంప్యూటర్‌తో నడిచే కామన్ రైల్ ఇంజన్లకు మాత్రం ఈ జవాబులు పనికిరావు.

పొగ ఎక్కువ వస్తోంది. ఇంజన్ దించాల్సిందేనా?

తొందరపడకండి. పొగ చూసి ఇంజన్ విప్పితే సగంసార్లు అనవసరంగా విప్పినట్టే అవుతుంది. నల్ల పొగ అయితే ముందు ఎయిర్ ఫిల్టర్, నాజిళ్ళు (సిలిండర్‌లోకి డీజిల్ చల్లేవి) చూడండి. పొద్దున్నే తెల్ల పొగ వచ్చి, వేడెక్కాక ఆగిపోతే పంపు టైమింగ్, నాజిళ్ళు, కంప్రెషన్ చూడాలి. వేడెక్కాక కూడా తెల్లగా వస్తూ, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతుంటే హెడ్ (సిలిండర్ల పై మూత) గ్యాస్కెట్ మీదో, హెడ్ పగులు మీదో అనుమానం పెట్టుకోవాలి.

బోరు అరిగి రిపేరుకు వచ్చిందనడానికి గుర్తులు వేరు. నీలం పొగ వస్తుంది, ఆయిల్ తాగుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు లాగదు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే దమ్ము బుస్సుమని పైకి తంతుంది. ఇవన్నీ ఒకేసారి ఉంటే, కంప్రెషన్ గేజ్ పెట్టి ఆరు సిలిండర్లూ చూసి రాసుకోండి. ఒక్క సిలిండర్ మాత్రమే పడిపోయి ఉంటే తప్పు వాల్వ్‌ది కావచ్చు. అప్పుడు హెడ్ దించితే సరిపోతుంది.

ఇంట్లో ఎంతవరకు చేయొచ్చు? బయటికి ఏం పంపాలి?

విప్పడం, కడగడం, కొలవడం, తిరిగి బిగించడం ఇంట్లో చేసుకోవచ్చు. ఇనుము కోసే పని ఏదైనా బయటికే. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగ్, లైనర్లు (సిలిండర్ లోపలి గొట్టాలు) దించి ఎక్కించడం, బోరింగ్, హోనింగ్ (బోరు గోడను రాయితో రుద్దడం), హెడ్ ఫేసింగ్ (ముఖాన్ని చదును చేయడం), ఇవన్నీ లేత్ వర్క్స్ పనులు. పంపు, నాజిళ్ళు పంపు షాపుకే. మా వైపు వాళ్ళకు విజయవాడ జవహర్ ఆటోనగర్ ఉంది, విశాఖ వాళ్ళకు గాజువాక ఆటోనగర్, హైదరాబాద్ వాళ్ళకు హయత్‌నగర్ దారిలో ఆటోనగర్ ఉన్నాయి. విడిభాగాలు, లేత్, పంపు షాపు మూడూ ఒక్కచోటే దొరుకుతాయి.

ఇంట్లో చేస్తే డబ్బు మిగులుతుందని చాలామంది మొదలుపెడతారు. మిగిలేది కూలి మాత్రమే. నేను చేయమని చెప్పేది వేరే కారణానికి. మీ ఇంట్లో కొలతకు టైమ్ దొరుకుతుంది, శుభ్రానికి టైమ్ దొరుకుతుంది. లోడు మీద ఉన్న బండిని రేపు పొద్దున్నకు ఇవ్వాల్సిన మేస్త్రీకి ఆ రెండూ దొరకవు.

చోటు, సామాను ఏం కావాలి?

గాలి దుమ్ము రాని చోటు, గట్టి నేల. సిమెంటు నేల అయితే మంచిది. వరి నూర్పిళ్ళ రోజుల్లో ఇంజన్ బిగించే పని పెట్టుకోకండి. మా ఊళ్ళో ఆ పదిహేను రోజులు ఊకపొడి గాలిలోనే ఉంటుంది. విప్పడం ఎప్పుడైనా విప్పొచ్చు.

మామూలు పానాలు, గొట్టం పానాలు, రింగ్ పానాలు ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు టార్క్ రెంచ్, ఫీలర్ గేజ్, మైక్రోమీటర్, బోర్ గేజ్, డయల్ గేజ్, రింగ్ కంప్రెసర్ కావాలి. టార్క్ రెంచ్ లేకుండా మొదలుపెట్టొద్దు. బోర్ గేజ్, మైక్రోమీటర్ కొనలేకపోతే ఒక పూట అడిగి తెచ్చుకోండి.

ఇంజన్‌ను బండిలోంచి ఎలా దించాలి?

ఈ ఇంజన్ బరువు నాలుగు క్వింటాళ్ళకు పైనే. పల్లెల్లో వేప కొమ్మకో మామిడి కొమ్మకో చైన్ బ్లాక్ కట్టి లేపుతుంటారు. దయచేసి అలా చేయకండి. పచ్చటి కొమ్మ కూడా లోపల పుచ్చి ఉండొచ్చు. లావుపాటి ఇనుప గొట్టాలతో చేసిన మూడు కాళ్ళ స్టాండ్ అద్దెకు దొరుకుతుంది. దాని కాళ్ళు జారకుండా మూడింటినీ గొలుసుతో కట్టండి. ఇంజన్ వేలాడుతున్నంతసేపు దాని కింద చెయ్యి కూడా పెట్టొద్దు.

బ్యాటరీ తీగలు ముందు తీసేయండి. నీళ్ళు, ఆయిల్ దించండి. తీసిన ఆయిల్‌ను కాలవలో పారబోయకండి, పాత ఆయిల్ కొనేవాళ్ళకు ఇవ్వండి. పాత క్లచ్ ప్లేట్లలో, గ్యాస్కెట్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ పొడిని గాలి కొట్టి ఊదొద్దు, తడిగుడ్డతో తుడిచి కవర్లో కట్టి పారేయండి.

విప్పేటప్పుడు ఏది ఎక్కడిదో మర్చిపోతానేమోనని టెన్షన్‌గా ఉంది.

ఫోన్‌తో ప్రతి దశలో ఫోటోలు తీయండి. కానీ ఫోటో ఒక్కటే చాలదు. బోల్టులను వేరువేరు డబ్బాల్లో వేసి పేరు రాయండి. పుష్ రాడ్లను ఒక అట్టపెట్టెకు పన్నెండు చిల్లులు పెట్టి వరసగా గుచ్చండి. ఏ రాడ్ ఏ చోట అరిగిందో అది ఆ చోటికే వెళ్ళాలి.

కనెక్టింగ్ రాడ్లు, వాటి టోపీలు, మెయిన్ బేరింగ్ టోపీలు జతలు. ఒకదాని టోపీ ఇంకోదానికి పెడితే లోపలి రంధ్రం గుండ్రంగా ఉండదు. రాడ్ మీద, టోపీ మీద నంబర్లు ఒకే పక్క ఉంటాయి. చెరిగిపోయి ఉంటే విప్పకముందే గుర్తు పెట్టుకోండి.

పిస్టన్ పైకి తీసేముందు సిలిండర్ పైఅంచున వేలు పెట్టి తడమండి. పై రింగు ఆగే చోటుకు పైన అరగని భాగం ఒక మెట్టులా తగులుతుంది. ఆ మెట్టును తీయకుండా కొట్టి పైకి లాగితే రింగుల గాడులు విరుగుతాయి. పాత పిస్టన్ పారేసేదే అయినా, ఆ గాడి ఎలా అరిగిందో చూస్తేనే ఇంజన్ జబ్బు తెలుస్తుంది కదా.

కొలతల్లో ఏది ముఖ్యం?

బోరును మూడు ఎత్తుల్లో కొలవండి: పైన రింగు ఆగేచోట, మధ్యలో, అడుగున. ప్రతి ఎత్తులో రెండు దిక్కుల్లో, అంటే క్రాంక్ పొడవు వెంట ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి. ఒక సిలిండర్‌కు ఆరు అంకెలు, ఇంజన్‌కు ముప్పై ఆరు. పైకీ కిందికీ తేడా ఎంత అరిగిందో చెబుతుంది, రెండు దిక్కుల తేడా ఎంత కోడిగుడ్డు ఆకారానికి వచ్చిందో చెబుతుంది. ఎక్కువ అరుగుదల ఎప్పుడూ పైభాగంలోనే, పిస్టన్ తోసే పక్కనే కనిపిస్తుంది. అక్కడ వేడి ఎక్కువ, ఆయిల్ తక్కువ.

మా ఇంజన్‌లో మూడో సిలిండర్ మిగతావాటికంటే బాగా ఎక్కువ అరిగింది. నాన్న ఆ కాగితం చూసి, కొత్త లైనర్ మాట ఎత్తకుండా ముందు మూడో నాజిల్ తీసి పంపు షాపులో టెస్ట్ చేయించమన్నాడు. అది డీజిల్‌ను పొగమంచులా చల్లకుండా ధారలా కారుస్తోంది. ఆ డీజిల్ లైనర్ మీది ఆయిల్‌ను కడిగేస్తూ వచ్చింది. నాజిల్ మార్చకుండా లైనర్ మార్చి ఉంటే ఇంకో సంవత్సరంలో మళ్ళీ అదే కథ. అంకెలు కాగితం మీద పెట్టుకుంటేనే ఇలాంటివి కనిపిస్తాయి.

క్రాంక్‌కు గ్రైండింగ్ కావాలో లేదో ఎలా తెలుస్తుంది?

జర్నల్ (క్రాంక్ బేరింగ్‌లో తిరిగే నున్నటి భాగం) మీద గోటిని అడ్డంగా గీయండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే గ్రైండింగ్ తప్పదు. తట్టుకోకపోయినా మైక్రోమీటర్ పెట్టి, గుండ్రం తప్పిందేమో చూడాలి. గ్రైండింగ్ 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. మెట్లలో చేస్తారు, షెల్స్ (బేరింగ్ సగాలు) ఆ సైజుల్లోనే దొరుకుతాయి. ముందు షెల్స్ కొని, వాటిని కూడా లేత్‌కు తీసుకెళ్ళండి. నీలం రంగుకు తిరిగిన జర్నల్ కనబడితే అది విపరీతంగా వేడెక్కిందని అర్థం, పగుళ్ళ పరీక్ష చేయించాకే నమ్మండి.

ఇప్పుడు మా మొదటిసారి అనుభవం. క్రాంక్‌ను ఒక లేత్ వర్క్స్‌లో గ్రైండ్ చేయించి తెచ్చాం. అద్దంలా మెరుస్తోంది. పైపైన డీజిల్‌తో కడిగి ఎక్కించేశాం. బండి నెలరోజులు కూడా తిరగలేదు, లోడుతో హైదరాబాద్ వెళ్తుండగా నందిగామ దాటాక ఆయిల్ గేజ్ ముల్లు పడిపోయింది. నాన్న వెంటనే బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేశాడు కాబట్టి క్రాంక్ బతికింది. సంపు (అడుగున ఉండే ఆయిల్ తొట్టి) దించి చూస్తే రెండు బిగ్ ఎండ్ షెల్స్ (కనెక్టింగ్ రాడ్ కింది చివర ఉండేవి) మీద గోళ్ళతో రక్కినట్టు గీతలు. గ్రైండింగ్ రాయి పొడి క్రాంక్ లోపలి ఆయిల్ రంధ్రాల్లో పేరుకుని, అక్కడినుంచి నేరుగా షెల్స్‌కే వెళ్ళింది.

రెండోసారి నాన్న నాకు పాత సైకిల్ పుల్ల ఒకటిచ్చి, దాని చివర గుడ్డ చుట్టి, ప్రతి ఆయిల్ రంధ్రంలోంచి తోయించాడు. మొదటి గుడ్డ నల్లటి ముద్దలా వచ్చింది. అది కూడా లేత్ వాళ్ళు కడిగి ఇచ్చామన్న క్రాంకే. గుడ్డ తెల్లగా వచ్చేసరికి సాయంత్రమైంది. రంధ్రాల చివర బిరడాలు ఉంటే అవి కూడా తీసి కడిగి, కొత్తవి గట్టిగా బిగించండి.

లైనర్లు మార్చాక బోరును ఎలా కడగాలి?

697లో ఉన్నవి డ్రై లైనర్లు. నీళ్ళు వాటికి తగలవు, బ్లాక్‌లోకి బిగుతుగా దిగి కూర్చుంటాయి. ప్రెస్‌తో ఎక్కించాల్సిందే, సుత్తితో కొట్టే పని కాదు. కొన్ని ఇతర ఇంజన్లలో వెట్ లైనర్లు ఉంటాయి, వాటికి అడుగున రబ్బరు రింగులు వస్తాయి.

హోనింగ్ అయ్యాక బోరు గోడ మీద ఏటవాలు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ కనిపించాలి. ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనే, రింగులు కుదురుకునేది వాటి మీదే. రాయి పొడి దాక్కునేది కూడా అక్కడే. కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో కడిగితే ఆ పొడి ఇంకా లోపలికి కూరుకుంటుంది. వేడి నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు, నైలాన్ బ్రష్ తీసుకుని రుద్ది కడగాలి. వెంటనే ఆరబెట్టి ఇంజన్ ఆయిల్ రాయాలి, లేకపోతే గంటలో తుప్పు పొర వస్తుంది. తర్వాత పాత తెల్ల పంచె ముక్కను ఆయిల్‌లో తడిపి బోరు లోపల తుడవండి. బూడిద రంగు అంటితే మళ్ళీ సబ్బు నీళ్ళు. మాకు ఒక్కో బోరుకు నాలుగుసార్లు పట్టింది.

హెడ్ విషయం?

కార్బన్ గీకి, స్టీల్ స్కేలు నిలబెట్టి ఫీలర్ గేజ్‌తో ఒంపు చూడండి. నీళ్ళ ప్రెషర్ పెట్టి పగుళ్ళు చూపించండి. వాల్వ్ సీటింగ్ చేశాక వాల్వ్ మీద డీజిల్ పోసి పది నిమిషాలు వదిలేయండి, కింద చెమ్మ రాకూడదు. హెడ్‌నో బ్లాక్‌నో ఫేసింగ్ చేయిస్తే, పిస్టన్ బ్లాక్ పైకి ఎంత పొడుచుకొస్తుందో, వాల్వ్ హెడ్‌లోకి ఎంత దిగి ఉందో మళ్ళీ కొలవాలి. అది వదిలేస్తే వాల్వ్ పిస్టన్‌కు కొట్టుకుంటుంది.

పంపు, నాజిళ్ళు నేనే విప్పుకోవచ్చా?

వద్దు. పంపు లోపలి ప్లంజర్లు ఒకదానికొకటి మైక్రాన్ల తేడాతో జతకట్టినవి, టెస్ట్ బెంచ్ లేకుండా వాటిని సరిచేయలేరు. ఇంకో మాట గట్టిగా చెప్పాలి. నాజిల్ చల్లుతున్నప్పుడు వేలు అడ్డం పెట్టొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, లోపల కండ చచ్చిపోతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

బిగించేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పులు?

మెయిన్ షెల్స్‌లో ఆయిల్ రంధ్రం ఉన్న సగం బ్లాక్ వైపే పెట్టాలి, రంధ్రాలు ఎదురెదురుగా కలిశాయో లేదో కళ్ళతో చూడాలి. షెల్ వీపు, అది కూర్చునే చోటు పొడిగా ఉండాలి. ఆయిల్ రాయాల్సింది లోపలి ముఖానికే. థ్రస్ట్ వాషర్ల (క్రాంక్ ముందుకూ వెనక్కీ జరగకుండా ఆపేవి) గాడులున్న ముఖం తిరిగే క్రాంక్ వైపు ఉండాలి. తిరగేసి పెట్టినవాళ్ళను చూశాను. ప్రతి టోపీ బిగించాక క్రాంక్‌ను చేత్తో తిప్పండి. ఏ టోపీ దగ్గర బిగుసుకుందో అప్పుడే దొరుకుతుంది, ఏడూ బిగించాక కాదు.

రింగును బోరులో పెట్టి, పిస్టన్‌తో సమంగా కిందికి తోసి, మూతుల మధ్య ఖాళీ కొలవండి. రింగుల పెట్టె మీద కొలత లేకపోతే, 100 మి.మీ. బోరుకు 0.3 నుంచి 0.4 మి.మీ. అన్నది పాత లెక్క. ఖాళీ చాలకపోతే వేడికి మూతులు కలిసి రింగు విరుగుతుంది. గుర్తు ఉన్న ముఖం పైకి పెట్టి, మూతులను ఒకదాని కింద ఒకటి రాకుండా చుట్టూ పంచండి. కనెక్టింగ్ రాడ్ బోల్టులు కొత్తవే వేయండి. వాటి దగ్గర పొదుపు చేస్తే రాడ్ ఊడి బ్లాక్‌కు కిటికీ పడుతుంది.

టైమింగ్ చక్రాల గుర్తులు కలిపాక రెండు పూర్తి చుట్లు చేత్తో తిప్పి చూడండి. హెడ్ బోల్టులు మధ్యనుంచి బయటికి, మూడు నాలుగు విడతల్లో బిగించాలి.

టాపెట్లు (వాల్వ్, రాకర్ మధ్య ఖాళీ) పెట్టడానికి సులువు దారి ఉందా?

ఫైరింగ్ వరస 1-5-3-6-2-4. జతలు 1-6, 5-2, 3-4. ఆరో సిలిండర్ రెండు వాల్వులూ ఊగుతున్నప్పుడు, అంటే ఒకటి మూసుకుంటూ ఇంకోటి తెరుచుకుంటున్నప్పుడు, ఒకటో సిలిండర్ టాపెట్లు పెట్టండి. ఇంకో మూడో వంతు చుట్టు తిప్పితే రెండోది ఊగుతుంది, ఐదోది పెట్టండి. ఇలా రెండు చుట్లలో ఆరూ అయిపోతాయి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు?

ఫిల్టర్ నిండా ఆయిల్ పోసి బిగించండి. ప్రైమింగ్ పంపు కొట్టి డీజిల్ లైన్‌లో గాలి తీసేయండి. స్టాప్ (డీజిల్ ఆపేది) లాగిపెట్టి సెల్ఫ్ కొట్టండి, పది సెకన్లు కొట్టి కాసేపు ఆగి మళ్ళీ. గేజ్‌లో ప్రెషర్ కనిపించాకే స్టాప్ వదలాలి.

ఒక మనిషిని గాలి గొట్టం దగ్గర చెక్క పలక ఇచ్చి నిలబెట్టండి. ఎక్కడైనా ఆయిల్ సిలిండర్లలోకి వెళ్ళినా, పంపు ర్యాక్ (డీజిల్ మోతాదు మార్చే కడ్డీ) ఇరుక్కున్నా ఇంజన్ పట్టు తప్పి పైపైకి లేస్తుంది. స్టాప్ లాగినా, బ్యాటరీ తీసినా ఆగకపోవచ్చు. గాలి మూసేస్తే ఆగుతుంది. చెయ్యి కాదు, గుడ్డ కాదు, పలకే పెట్టాలి.

కొత్తలో ఎలా నడపాలి?

గంటలకొద్దీ ఐడిల్‌లో వదలడం మంచిదని చాలామంది అనుకుంటారు. అది రింగులకు చేటు. ఒత్తిడి లేకపోతే రింగులు కుదురుకోవు, బోరు నున్నగా గాజులా తయారవుతుంది. వేడెక్కించి, లీకులు చూసుకుని, సగం లోడుతో రోడ్డెక్కండి. పూర్తి లోడు, పూర్తి స్పీడు 1,000 కిలోమీటర్ల తర్వాతే. మొదటి 500 కిలోమీటర్లకు 15డబ్ల్యూ-40 ఆయిల్, ఫిల్టర్ మార్చండి. పాత ఫిల్టర్‌ను కోసి, కాగితం మడతలు విప్పి ఎండలో చూడండి. సన్నటి ఇనుప పొడి మామూలే. రేకుల్లా మెరిసే ముక్కలు కనబడితే సంపు దించాలి. పుస్తకం చెప్పినట్టు హెడ్ మళ్ళీ బిగించి, టాపెట్లు మళ్ళీ చూడండి.

ఆర్టీఏ ఆఫీసులో ఏమైనా చెప్పాలా?

అదే బ్లాక్ అయితే చెప్పాల్సిన మార్పు ఏమీ లేదు. బ్లాక్‌నో ఇంజన్‌నో మార్చితే మాత్రం కొత్త నంబర్ ఆర్సీలో ఎక్కించుకోవాలి. బ్లాక్ మీద కొట్టిన నంబర్ ఉన్న చోటును ఫేసింగ్‌లోనో రుద్దడంలోనో చెరిగిపోకుండా లేత్ వాళ్ళకు ముందే చెప్పండి. 8 ఏళ్ళు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి కాబట్టి ఆ తేదీ చూసుకుని పని మొదలుపెట్టండి.

అంతా అయ్యాక కూడా బ్రీదర్‌లో (ఇంజన్ లోపలి దమ్ము బయటికి పోయే గొట్టం) పొగ వస్తోంది. తప్పు చేశానా?

మొదటి కొన్ని వందల కిలోమీటర్లు కొంచెం రావడం మామూలే. రోజూ ఒకే టైమ్‌కు, ఇంజన్ బాగా వేడిగా ఉన్నప్పుడు, బ్రీదర్ మూతి దగ్గర తెల్ల కాగితం పట్టి చూడండి. కాగితాల మీద తేదీ రాసి దాచండి. మరక రోజురోజుకు చిన్నదవుతుంటే రింగులు కుదురుకుంటున్నాయి, బండిని పనిలోనే ఉంచండి. 1,500 కిలోమీటర్లు దాటినా మరక తగ్గకపోతే కంప్రెషన్ గేజ్ తీసి, విప్పకముందు రాసుకున్న ఆరు అంకెల పక్కన కొత్తవి రాయండి. ఏ సిలిండర్ పెరగలేదో అక్కడినుంచే వెతకడం మొదలుపెట్టాలి.